విద్యుత్ మోటారు: కొలత సాధనములు, సంరక్షణ

నిజాంపేట ఒకప్పుడు హైదరాబాదు నగరమునకు వాయవ్యమున చెరువును, పొలములును గల గ్రామము. హైటెక్ సిటీ ఏర్పడిన తరువాత కొలువులు వచ్చినవి. కొలువుల వెంట ఇండ్లు వచ్చినవి. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి దానిని నగరపాలక సంస్థగా చేసిరి. పొలములు పోయినను బోరుబావులు పోలేదు. ఆ అంతస్తుల భవనముల క్రింద నీరు తోడుచున్నది మన పొలములలోని సబ్‌మెర్సిబుల్ మోటారు వంటిదే. తీగచుట్టు అదే, కరెంటు అదే. అయినను అచ్చటి మోటారు ఏండ్ల తరబడి పనిచేయుచుండగా, మన మోటార్లు అనేకము వేసవి వచ్చుసరికి కాలి వైండింగు దుకాణమునకు పోవుచున్నవి.

కారణమేమని ఒక భవనములో పంపులు చూచుకొను పనివానిని అడిగితిని. అతడు గోడమీది పెట్టె తెరచి చూపెను. అందు వోల్టులు చూపు మీటరు, ఆంపియర్లు చూపు మీటరు, బోరులో నీరు తగ్గినపుడు మోటారును తనంతట ఆపు సాధనము కలవు. ప్రక్కన మేకుకు ఒక నోటుపుస్తకము వ్రేలాడుచున్నది. ఉదయము, సాయంత్రము మీటర్ల అంకెలను అందులో వ్రాయుట అతని పని. జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనిచేసిన రోజులలో ఈ అలవాటు అబ్బినదట. కర్మాగారములో మోటారు ఆగిన పని ఆగును గనుక అచ్చట మోటారుకు నాడి పట్టి చూచెదరు. మన పొలములో మోటారు ఆగినచో పొట్టకు వచ్చిన వరి ఎండును. నష్టము చూడగా మనదే పెద్దది. కాని మన స్టార్టరు డబ్బాలో మీటర్లు ఉన్నచో ముండ్లు విరిగి ఉండును, లేదా అసలే ఉండవు.

ఎక్కువమంది రైతుల వద్ద ఉన్నది 5 హార్సు పవరు మోటారు గనుక దానినే దృష్టాంతముగా తీసికొందము.

మోటారు ఎట్లు తిరుగును?

తిరుగుచుండు అయస్కాంత క్షేత్రముతో నడచు మోటారుకు నికోలా టెస్లా 1888లో అమెరికాలో పేటెంటు పొందెను. మరుసటి సంవత్సరము దొలివో-దొబ్రోవోల్‌స్కీ అను ఇంజనీరు మూడు ఫేజులతో నడచు పంజరపు రోటరును రూపొందించెను. నేడు మన బావులలో ఉన్నది ఆ సంతతియే. బయటి భాగములోని మూడు చుట్లకు మూడు ఫేజులు వంతులవారీగా కరెంటు నిచ్చుటచే, కంటికి కనబడని అయస్కాంతమొకటి నిమిషమునకు 3000 మార్లు తిరుగును. దాని వెంటబడి రోటరు కొంచెము తక్కువగా, సుమారు 2850 మార్లు తిరుగును. అరుగుటకు ఇందులో బేరింగులు లేక బుష్షులు తప్ప మరేమియు లేవు. చెడుటకు తీగమీది పూత ఒక్కటి కలదు. ఆ పూతకు శత్రువులు రెండు: వేడి, తేమ. చుట్ల వేడి పరిమితిని దాటి 10 డిగ్రీలు పెరిగినచో పూత ఆయుష్షు సుమారు సగమగునని లెక్క. మోటారు ఒక్కనాటిలో కాలినట్లు మనకు తోచును గాని, చాలసార్లు అది నెలల తరబడి ఉడికి ఉడికి ఆ నాటికి చచ్చును.

వోల్టులు

ఏ రెండు ఫేజుల మధ్యనైనను 415 వోల్టులు, ఫేజుకు న్యూట్రలుకు మధ్య 240 వోల్టులు ఉండవలెను. నూటికి 6 వంతుల హెచ్చుతగ్గు సహింపదగినది. అనగా 390 నుండి 440 వరకు. అంతకు తగ్గినపుడు మోటారు త్రిప్పుబలము వోల్టులు తగ్గినంత మాత్రమే తగ్గునని తలచరాదు, వర్గము చొప్పున తగ్గును. వోల్టేజి 332కు పడినచో, అనగా నూటికి 80 వంతులే ఉన్నచో, బలము 64 వంతులే మిగులును. అయినను నీటి బరువు తగ్గదు కదా! ఆ బరువును మోయుటకు మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కును.

ఒక్క జత ఫేజులను చూచి ఊరుకొనరాదు. మూడు జతలును చూడవలెను. ఒకచోట 415, ఒకచోట 400, మరొకచోట 385 ఉన్నవనుకొందము. సగటు 400. సగటునుండి ఎక్కువ తేడా 15, అనగా నూటికి 3.75. ఈ అంకెను వర్గముచేసి రెట్టింపు చేసినచో వేడి నూటికి ఎంత పెరుగునో ఉజ్జాయింపుగా తెలియును: 28 వంతులు! అంకెలు మూడును ఉండవలసిన మేరకు దగ్గరగా ఉన్నట్లే కనబడుచున్నవి, అయినను లోపల మోటారు ఉడుకుచున్నది. తేడా 3 వంతులు మించిన రోజున మోటారు ఆపి లైన్‌మనుకు తెలుపుట మేలు.

ఆంపియర్లు

హార్సు పవరుకు ఒకటిన్నర ఆంపియరు చొప్పున గుర్తుంచుకొన్న చాలును. 5 హార్సు పవరు మోటారు ప్రతి ఫేజులోను సుమారు 7.5 ఆంపియర్లు తీసికొనును. సబ్‌మెర్సిబుల్ మోటారు కొంచెము హెచ్చుగా తీసికొనవచ్చును. సరియైన అంకె మోటారు రేకుమీద ముద్రించి ఉండును. రేకు ఊడకముందే ఆ అంకెను స్టార్టరు డబ్బా లోపలి మూతపై పెయింటుతో వ్రాయించుకొనుడు. కొన్న మొదటి వారములో మీటరు ఎంత చూపినదో దాని ప్రక్కనే వ్రాయుడు.

ఇక మీటరు చెప్పు మాటలను వినవలెను. ముల్లు ఎప్పటికన్న క్రిందికి దిగి, నీరు ఉమ్మినట్లు ఆగి ఆగి వచ్చుచున్నచో బోరులో నీరు తగ్గినది; వెంటనే ఆపవలెను. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లార్చునది దాని చుట్టును పారు నీరే. ముల్లు పైకి ఎగబ్రాకుచున్నచో వోల్టేజి పడినదో, బుష్షులు పట్టుచున్నవో, ఇసుక చేరినదో చూడవలెను. రెండు ఫేజులలో ముల్లు పైకి ఎగిరి మూడవదానిలో సున్న చూపినచో ఒక ఫేజు తెగినది. ముగ్గురు మోయు దూలమును ఒకడు వదలి పోయినట్లే ఇదియు. మిగిలిన రెండు చుట్లలో కరెంటు సుమారు 1.73 రెట్లగును, 7.5 ఉండవలసినచోట 13 ఆంపియర్లు. మోటారు తిరుగుచునే ఉండును గనుక రైతుకు తెలియదు. కొంతసేపటికి వాసన వచ్చును. అప్పటికి చేయునదేమియు లేదు.

దీనిని కనిపెట్టుటకే స్టార్టరులో ఓవర్‌లోడు రిలే అమర్చబడినది. దాని ముల్లును రేకుమీది ఆంపియర్లకే నిలుపవలెను. నేను ఒక గ్రామములో 11 స్టార్టర్లు తెరచి చూచితిని. ఏడింటిలో రిలే చివరి అంకెకు త్రిప్పి ఉన్నది. రెండింటిలో రిలేను తప్పించి తీగ నేరుగా కలిపిరి. ఒకదానిలో బటను లేవకుండ తుమ్మపుల్ల గ్రుచ్చిరి. “మాటిమాటికి ట్రిప్పగుచున్నది సారూ, రాత్రివేళ ఎవరు లేచి వచ్చెదరు?” అని ఆ రైతు అడిగెను. అతని కష్టము నేనెరుగుదును. రాత్రి నీరు పెట్టు బాధ చిన్నది కాదు. కాని రిలే మొరుగు కుక్క వంటిది. మొరిగినదని దాని నోరు కట్టి పండుకొన్నచో దొంగ ఊరకుండునా? రిలేతోపాటు ఫేజు పోయిన వెంటనే మోటారును ఆపు సింగిల్ ఫేజింగు ప్రివెంటరును కూడ పెట్టించిన మంచిది.

ఆటో స్టార్టరు

కరెంటు విడతలుగా వచ్చిన కాలమున దీనిని రైతులు అవసరమై పెట్టుకొనిరి. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనపుడు ఆటో స్టార్టర్లు తీసివేయుడని ప్రభుత్వము కోరినది. నీటిని ఊరక తోడరాదనుట ఒక కారణము. రెండవ కారణము ట్రాన్స్‌ఫార్మరు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఫేజుకు సుమారు 35 ఆంపియర్లు మోయగలదు. దానిపై 5 హార్సు పవరు మోటార్లు నాలుగు నడచినచో 30 ఆంపియర్లగును, సరిపోవును. కాని నేరుగా స్టార్టు చేయునపుడు మోటారు ఆరు రెట్లు లాగును. పోయిన కరెంటు తిరిగి వచ్చిన క్షణమున నాలుగును ఒకేసారి లేచినచో 180 ఆంపియర్లు! వోల్టేజి కుప్పకూలును, ఏ మోటారును సరిగా లేవదు, అన్నియు ఉడుకును. కరెంటు వచ్చిన తరువాత అయిదు నిమిషములు ఆగి, ఒకరి తరువాత ఒకరు మోటారు వేయుట ఆ ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులు తమలో తాము చేసికొనవలసిన కట్టుబాటు. గ్రామోద్యోగులు ఇందుకు చొరవ చూపగలరు.

ఎర్తు

మోటారు పోయినచో మరల కొనవచ్చును గనుక ఈ విషయమును కొంచెము వివరముగ వ్రాయుచున్నాను.

స్టార్టరు ఇనుప డబ్బాకు లోపల ఒక ఫేజు తగిలినదనుకొనుడు. బల్లి పడియైనను, ఎలుక తీగ కొరికియైనను ఇట్లు జరుగును. అప్పుడు ఆ కరెంటు భూమిలోనికి పోయి ఫ్యూజు కాలవలెను. ఎర్తు గుంట ఎండి దాని నిరోధము 40 ఓములు ఉన్నచో, 240ని 40 చే భాగింపగా 6 ఆంపియర్లు మాత్రమే పారును. 15 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోనిది కాదు. ఫ్యూజు కాలదు, డబ్బా మాత్రము ప్రాణముతీయు స్థితిలో నిలిచియుండును. తెల్లవారుజామున తడికాళ్ళతో వచ్చిన మనిషి దానిపై చేయి వేయును. అదే గుంట నిరోధము 5 ఓములున్నచో 48 ఆంపియర్లు పారి ఫ్యూజు ఠక్కున కాలును. డబ్బాకు ఎర్తు తీగ ఉన్నదా అని చూచుట చాలదు. గుంట పనిచేయుచున్నదా అని చూడవలెను.

రెండున్నర మీటర్ల జి.ఐ. గొట్టమును నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, వేసవిలో వారమునకొకసారి గొట్టములో నీరు పోయవలెను. మూడు ఫేజుల మోటారు చట్రమునకు రెండు వేరువేరు ఎర్తు తీగలు ఉండవలెనని నిబంధన. రెండవది దండుగ యని తలచువారు కలరు. ఒకటి త్రుప్పుపట్టి తెగిననాడు రెండవది పనికివచ్చును. 30 మిల్లీఆంపియర్లకే లైను తెంపు లీకేజి బ్రేకరు ఇపుడు దొరకుచున్నది. కొత్త మోటారు కొనువారు దానిని కూడ కొనుడు. డబ్బాను తాకుటకు ముందు టెస్టరు పెట్టి చూచుట, ఎండిన చెక్కబల్లపై నిలుచుట ఖర్చులేని పనులు.

ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజును రైతులు తామే వేయుట అన్ని పొరపాట్లలోకి ఘోరమైనది. ఏబీ స్విచ్చి దించితిమని గద్దె ఎక్కుదురు. ఆ స్విచ్చి కత్తులు మూడింటిలో ఒకటి సరిగా తెరచుకొనక లైనుకు అంటుకొనియే ఉండవచ్చును. క్రిందినుండి చూచిన తెలియదు. లైన్‌మను వచ్చువరకు ఒక మడి ఎండినను ఎండనిండు. 1912 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయింపవచ్చును.

కెపాసిటరు, ఫుట్‌వాల్వు

2004లో ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట ఐఎస్ఐ గుర్తు పంపుసెట్టు, కెపాసిటరు, రాపిడి తక్కువగల ఫుట్‌వాల్వు, ఆర్‌పీవీసీ లేక హెచ్‌డీపీఈ గొట్టములు వాడవలెనని నియమము పెట్టిరి. చాలచోట్ల కెపాసిటరు బిగించిన నెలకే తీగ ఊడి పెట్టెలో అలంకారముగా మిగిలినది. 5 హార్సు పవరు మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటరు తగును. అది లైనులో కరెంటును తగ్గించి వోల్టేజిని కొంత నిలబెట్టును. ఒక్కరు పెట్టిన లాభము కొద్దిది. ట్రాన్స్‌ఫార్మరు క్రింది వారందరును పెట్టిన ఫలితము మీటరులో కనబడును. మోటారు ఆపిన తరువాత కూడ కెపాసిటరులో కరెంటు కొంతసేపు నిలిచియుండును గనుక వెంటనే ముట్టరాదు.

కాపుదల

నెలకొకసారి మెయిన్ ఆపి డబ్బాను పొడిగుడ్డతో తుడిచి, మరలు బిగించి, నల్లబడిన కాంటాక్టులను శుభ్రము చేయవలెను. వదులుగా ఉన్న మర వేడెక్కును. ఒక ఫేజు పోవుటకు లైనుకన్న ఈ మరయే తరచు కారణము. బల్లులు దూరు కన్నములను మూయుడు. బావిగట్టు మోటారు బేరింగులో గ్రీజు సగముకు మించరాదు. ఎక్కువ పెట్టిన చల్లగా ఉండుననుట భ్రమ, గ్రీజే వేడెక్కును.

సబ్‌మెర్సిబుల్ మోటారుకు ముఖ్యస్థానము కేబులు అతుకు. రబ్బరు టేపు, దానిపై పీవీసీ టేపు ఒరసికొనునట్లు చుట్టి, బోరులో దింపకముందు ఆ అతుకును బకెట్టు నీటిలో ముంచి మెగ్గరుతో పరీక్షింపవలెను. నీటితో నింపు రకమైనచో మోటారు లోపల శుభ్రమైన నీరు నిండుగా పోయవలెను. బోరు అడుగున ఒండ్రులో మోటారు కూరుకొనరాదు. కాలిన మోటారును చుట్టించునపుడు పాత తీగ గేజి, చుట్ల లెక్క వ్రాయించుకొని అవియే వేయించుడు. పాత తీగ త్వరగా ఊడవలెనని మోటారును మంటలో పెట్టనీయకుడు. లోపలి ఇనుప రేకులు చెడి, ఆ తరువాత మోటారు ఎన్నడును మునుపటివలె నడువదు.

మెగ్గరు వైండింగు దుకాణదారుల వద్ద ఉండును. కొందరు రైతులు కలసి కొనుటయు కష్టము కాదు. సంవత్సరమునకు రెండుమార్లు, వానాకాలము ముందు, యాసంగి ముందు, లైను విడదీసి చుట్లకు చట్రమునకు మధ్య చూచి ఆ అంకెను వ్రాయవలెను. ఒక మెగఓముకు తగ్గినచో మోటారు వేయరాదు.

దుండిగల్ వైపు ఒక రైతు నేను చెప్పిన మీదట పిల్లవాని పాత నోటుపుస్తకములో నాలుగు గడులు గీసి అంకెలు వ్రాయసాగెను. ఆంపియర్లు కార్తికములో 7.6, పుష్యములో 7.9, మాఘములో 8.4. వోల్టేజిలో మార్పు లేదు. ఆ మూడు అంకెలను చూపి మెకానికును పిలిపించి మోటారు తీయించెను. పై బుష్షు ఒకవైపు అరిగి, రోటరు రాచుకొనుటకు వెంట్రుక వాసి దూరములో ఉన్నది. బుష్షు మార్చి మూడవనాడు దింపిరి. అప్పటికి అతని వరి పిలకదశలో ఉన్నది. మీటరు 7.5 చూపినదని తరువాతి గడిలో వ్రాసియున్నది.