నీటి ఋణము

వాన రాకడయు ప్రాణము పోకడయు ఎవ్వరికిని తెలియవని పెద్దల మాట. ఆ మాటలోని బాధ అనంతపురము జిల్లా రైతునకు తెలిసినంతగా మరియొకరికి తెలియదు. దేశమునందు మిక్కిలి తక్కువ వర్షము కురియు జిల్లాలలో ఇది యొకటి. నైరుతి మేఘములు పడమటి కనుమలపైననే చాలవరకు వర్షించి, ఈ పీఠభూమిని చేరునప్పటికి రిక్తములగుచున్నవి.

ఈ జిల్లా పడమటి భాగమున, కర్ణాటక సరిహద్దునకు చేరువలో గుమ్మఘట్ట మండలము కలదు. ఇచ్చటి నది వేదవతి. దీనికే హగరి యని మరియొక పేరు. ఈ మండలములోని భైరవానితిప్ప యొద్ద ఆ నదికి అడ్డముగా ఆనకట్ట కట్టి, సుమారు 12 వేల ఎకరములకు నీరందింపవలెనని తలపెట్టిరి. 1961 నాటికి ఆ నిర్మాణము పూర్తియైనది. కాని వానలు లేని ఏండ్లలో జలాశయము నిండదు. అప్పుడు రైతు అప్పుచేసి గొట్టపుబావి త్రవ్వించును. అది ఎండిన, మరింత లోతున మరియొకటి త్రవ్వించును. వేరుసెనగ చేను వాడుచుండగా యువకులు పనికై పట్టణములకు తరలిపోవుదురు.

ఇట్టి సీమలో కర్మాగారము వెలయుట శుభవార్తయే. గుమ్మఘట్టకు ఆగ్నేయముగా, ఇదే పీఠభూమిపై పెనుకొండ యున్నది. పూర్వము అనంతపురము జిల్లాలో నుండిన ఈ ఊరు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. దీనికి సమీపమున ఎర్రమంచి యొద్ద 2019లో కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించెను. దాని చుట్టును విడిభాగములు చేయు కర్మాగారములు వెలసినవి. ఆ కార్ల కర్మాగారమునకు నీరు గొల్లపల్లి జలాశయము నుండి వచ్చుచున్నది. ఆ జలాశయమును నింపునది హంద్రీ-నీవా పథకమువారు పంపులతో ఎత్తిపోసిన కృష్ణానది నీరు. కరవు నేలకు ఇంత శ్రమతో వచ్చిన నీటిని వాడుకొనువాడు నేలకు ఋణపడినవాడే.

ఆ ఋణము తీరుట ఎట్లు? కారునందు వేలకొలది భాగములుండును. లోహమును కోయునపుడు యంత్రము వేడెక్కకుండ నూనె కలిపిన నీటిని పోయుదురు. తుప్పు పట్టకుండ జింకు, నికెలు, క్రోమియము మొదలగు లోహముల పూత పూయుదురు. పూతకు ముందు భాగములను ఆమ్లములో ముంచి కడుగుదురు. పూత పిదప మరల కడుగుదురు. ఆ కడిగిన నీటిలో నూనెయు, ఆమ్లమును, లోహములును చేరును. పూతకు వాడు ఆరు సంయోజకత గల క్రోమియము మిక్కిలి విషము; అది కాన్సరు వ్యాధికి కారణమగును.

ఆ నీటిని వాగులోనికి వదలినచో నష్టము ఇంతింతని చెప్పరాదు. ఈ సీమలో నేల క్రింద గట్టి నల్లసేనపు రాయి గలదు. ఆ రాతి పగుళ్లలో నిలిచిన కొద్దిపాటి నీరే బావులకు ఆధారము. కొన్ని యూళ్లలో ఆ నీటియందు ఇప్పటికే ఫ్లోరైడు అధికము. అందు విషము చేరిన, దానిని కడిగివేయుటకు తగిన వానలు ఇచ్చట కురియవు. తమిళనాడులోని రాణీపేటలో క్రోమియము లవణములు చేయు కర్మాగారమొకటి 1990వ దశకమున మూతపడినది. అది విడిచిపోయిన వ్యర్థపు గుట్ట మాత్రము కదలక అచ్చటనే నిలిచి, భూగర్భజలమును చెరచినది. పని పోయెను; విషము మిగిలెను.

దీనికి నివారణ లేకపోలేదు. భాగములను కడుగు తొట్లను రెండు మూడు వరుసగా నుంచి, మంచినీటిని చివరి తొట్టిలో పోసి మొదటి తొట్టివైపునకు పారించిన, నీటి ఖర్చు చాల తగ్గును. వాడిన నీటిలోని విషపు క్రోమియమును రసాయనములచే మూడు సంయోజకత గల క్రోమియముగా మార్చి, సున్నము కలిపిన, అది మడ్డిగా అడుగునకు దిగును. ఆ మడ్డిని ప్రమాదకర వ్యర్థములకై ఏర్పరచిన స్థలమునకు పంపవలెను. పైని తేటనీటిని సన్నని పొరలగుండ వడపోసి మరల తొట్లలో వాడుకొనవచ్చును. ఇందుకు కొంత ధనము వ్యయమగును. కాని ఆ ధనము మిగిల్చుకొన్న యజమాని తన ఖర్చును పొరుగు రైతు బావిపై మోపినవాడగును.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము ప్రకారము, నీటిని చెరచు అవకాశము గల కర్మాగారము కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేక నడువరాదు. అనుమతి షరతులను 2005 నాటి సమాచార హక్కు చట్టము ననుసరించి పౌరులు అడిగి తెలిసికొనవచ్చును. అయినను, అడుగువారు లేనిచోట చట్టము కాగితముననే నిలిచిపోవును.

కరవు సీమలో పేదరికము మనుష్యుని నోరు మూయించును. పని దొరకుటయే చాలునని, తక్కినదానిని అడుగుటకు జంకుదురు. గుమ్మఘట్ట వంటి యూళ్ల బాలబాలికలలో కొందరు రేపు ఆ కర్మాగారములలో కార్మికులును, ఇంజనీర్లును కాగలరు. కర్మాగారము వచ్చినపుడు "ఎందరికి పని దొరకును?" అని అడుగుట న్యాయమే. దానితోపాటు "వాడిన నీరు ఎచ్చటికి పోవును?" అని కూడ అడుగవలెను. ఈ రెండు ప్రశ్నలకును మంచి సమాధానము చెప్పగల కర్మాగారమే ఆ నేలకు నిజమైన చుట్టము.