పల్లెటూరి కుటుంబములో ఆస్తి పంపకము

కృష్ణగిరి నుండి హోసూరునకు పోవు పెద్దదారిలో కుందారపల్లి యున్నది. ఈ ప్రాంతమున తెలుగు, తమిళము, కన్నడము మాటలాడు రైతులు ఇరుగుపొరుగున కాపురముండి రాగి పండించుచు, మామిడి తోటలు పెంచుచు జీవించుచున్నారు. 1792లో శ్రీరంగపట్టణపు సంధిచే బారామహలు ఇంగ్లీషువారి వశమైన పిమ్మట కెప్టెన్ రీడ్, ఆయనకు సహాయుడుగా వచ్చిన మన్రో మొదలగువారు ఇచ్చట భూములు కొలిపించి, రైతులతో నేరుగా శిస్తు నిర్ణయము చేసికొనిరి. భూమి యెవరి పేర నున్నదో కాగితము చెప్పును. ఆ పేరు గల పెద్ద కాలము చేసిన పిమ్మట ఎవరికెంత యనునదియే చిక్కు.

ఈ సంగతి వర్తక కుటుంబములకును కావలసినదే. రైతుల భూమి కొనువారును, నగలు పాత్రలు కుదువ పెట్టుకొని అప్పిచ్చువారును వారిలో కలరు. అదిగాక 1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టము జైనులకును వర్తించును. పూర్వము జైనుల ఆచారములు కొన్ని ప్రత్యేకముగా నుండెడివి. పుత్రులు లేని జైన వితంతువు భర్త అనుమతి లేకయే దత్తత చేసికొనవచ్చునని 1878లో ఉత్తరదేశపు వ్యాజ్యమొకదానిలో ప్రివీ కౌన్సిలు అంగీకరించెను. వారసత్వము మట్టుకు నేడు అంగడి యింటికిని రైతు ఇంటికిని చట్టమొక్కటే.

12 ఎకరముల పిత్రార్జితము గల రైతు వీలునామా వ్రాయక మరణించెననుకొందము. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు కలరు. 1956 నాటి లెక్క ప్రకారము మొదట తండ్రి, కొడుకులు మూడు భాగములు పంచుకొన్నట్లు ఎంచి, తండ్రికి వచ్చిన 4 ఎకరములను నలుగురికి సమముగా పంచవలెను. కొడుకులకు అయిదేసి ఎకరములు, తల్లికి ఒకటి, కూతునకు ఒకటి వచ్చును. తమిళనాడులో 1989 మార్చి 25 నుండి, అప్పటికి పెండ్లికాని కూతుండ్రకు పుట్టుకతోనే భాగము కలిగినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట పెండ్లియైన కూతునకును ఆ హక్కు వచ్చినది. ఆనాటికి తండ్రి జీవించి యుండవలెనను నియమము లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇప్పుడు మూడేసి ఎకరముల చొప్పున నాలుగు భాగములు. తండ్రి మూడెకరములు మరల నలుగురికి. పిల్లలకు తలకు 3 ఎకరముల 75 సెంట్లు, తల్లికి 75 సెంట్లు.

కూతురి భాగము పెరిగినదని అందరును చెప్పుకొందురు. తల్లి భాగము ఎకరము నుండి ముప్పాతికకు తగ్గినదని గమనించువారు అరుదు. దక్షిణాదిని పంపకములో తల్లికి వేరుగా భాగమిచ్చు పద్ధతి ఎన్నడో పోయినది. ఆమెకు దక్కునది భర్త వాటాలోని వంతు మాత్రమే. అదే భూమి భర్త స్వార్జితమైనచో నలుగురికిని సమముగా మూడేసి ఎకరములు వచ్చును. కనుక పిత్రార్జితమా, స్వార్జితమా యను విచారణ ముసలితల్లి కూటికి సంబంధించినది.

భూమి సెంట్లలో తెగును గాని బావి తెగదు. బావి గల ఎకరమును, బావి లేని మూడెకరములును ఒకటి కావు. అందుచే పంపకపు పత్రములో బావిలో ఎన్నవ వంతు, ఎవరికి ఏ దినముల నీరు, కాలువ ఎవరి గట్టున పోవలెను, బండిదారి ఎక్కడ అను నవి వ్రాయవలెను. కరెంటు సర్వీసు ఒక్కరి పేరనే యుండును. అన్నదమ్ముల జగడములు చాలవరకు అచ్చటనే మొదలగును.

ఇంట తెలుగు మాటలాడు ఆడబిడ్డ ముందు తమిళములో వ్రాసిన విడుదల పత్రము పెట్టి వ్రేలిముద్ర వేయించుట గొప్ప అన్యాయము. చదివి వినిపించి, ఆమె వదలుకొనుచున్న ఎకరములెన్నో చెప్పిన పిమ్మటనే సంతకము అడుగవలెను. భూమి కొనువారు కూతుండ్ర సంతకములున్నవో లేవో చూడవలెను. 2004 డిసెంబరు 20కి పూర్వమే రిజిష్టరైన పంపకమునకు భయము లేదు. నోటిమాటతో జరిగిన పంపకమును కోర్టులు నేడు సులభముగా నమ్మవు. వారసులలో నొకరు తనకు సంక్రమించిన వాటా అమ్మదలచినచో కొనుటకు తక్కిన వారసులకు మొదటి హక్కు కలదు. పొలమునకును ఇది వర్తించునని 2019లో సుప్రీంకోర్టు చెప్పినది.

నివాసగృహము విషయమున 2005 వరకు మగవారు పంచుకొనువరకు ఆడువారు తమ భాగమును వేరుచేయుమని అడుగ వీలులేకుండెను. ఆ నిబంధన ఇప్పుడు లేదు.

ఇక గంగాళము, ఇత్తడి బిందెలు, కంచు చెంబులు, రోలు, తిరుగలి, నాగలి, ఎద్దులు. వీనికి రిజిష్టరు అక్కరలేదు. ఆ కారణముచేతనే ఎవరికి చిక్కినవి వారివగును. పెద్దల యెదుట జాబితా వ్రాసికొనుట మేలు. పాత్రలపై చుక్కలతో పేరు కొట్టించు అలవాటు ఇచ్చట మిక్కిలి ఉపకరించును. పుట్టింటివారు ఇచ్చిన బిందెపై తల్లి పేరున్నచో అది ఆమె స్వంతము. కొడుకులు పంచుకొను కుప్పలో కలుపరాదు. ఆమె తరువాత అవి కూతుండ్రకే చెందునని పలువురి నమ్మకము. అది ఆచారమే గాని చట్టము కాదు. చట్టము ప్రకారము కొడుకులకును కూతుండ్రకును సమభాగము. కూతునకే చెందవలెనని తల్లి కోరినచో వీలునామాలో వ్రాయవలెను, లేదా బ్రతికియుండగనే చేతికియ్యవలెను. బిందె యిచ్చుటకు స్టాంపు కాగితము అక్కరలేదు.