హైస్కూలు దాటేలోపు చేతికి రావాల్సిన పనులు: ఢిల్లీలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఇళ్ళకు కొన్ని చిట్కాలు

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఏ ఇంట్లోనైనా గోలంతా మార్కుల గురించే. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, మేధోవైకల్యం ఉన్న పిల్లల ఇళ్ళలోనూ అంతే. ట్యూషనూ, వర్క్‌షీట్లూ, స్పీచ్ థెరపీ అన్నీ సాగుతుంటాయి. పదహారేళ్ళ పిల్లవాడు మాత్రం అమ్మ వచ్చి నీళ్ళు తొరిపితే తప్ప స్నానం చెయ్యలేడు. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం ఈ చిట్కాలు. అన్నిటికీ ఆధారం ఒకటే: ఏ పనైనా అది జరిగే చోటే నేర్పాలి. క్లాసులో ప్లాస్టిక్ నాణేలతో దుకాణం ఆట ఎంత బాగా ఆడినా, నిజం దుకాణం ముందు నిలబడితే ఆ చదువు తట్టదు. ఈ పిల్లల్లో చాలామంది ఒకచోట నేర్చుకున్నదాన్ని ఇంకోచోట మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాల్సి వస్తుంది.

1. ముందు ఒక కాగితం తీసుకుని, పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా పిల్లవాడికి మీరు చేసిపెట్టే పనులన్నీ రాయండి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లూ బ్రౌన్ 1970లలోనే ఉపాధ్యాయులకు ఒక గీటురాయి ఇచ్చాడు: ఈ పని పిల్లవాడు చెయ్యకపోతే, వాడి బదులు ఇంకొకరు చెయ్యాల్సి వస్తుందా? వస్తుందంటే అది నేర్పదగ్గ పని. పూసలు రంగులవారీగా వేరుచెయ్యడం పదహారేళ్ళప్పుడు ఈ పరీక్షకు నిలబడదు. అన్నం పెట్టుకోవడం నిలబడుతుంది. జాబితాలోంచి మూడు పనులే ఎంచుకోండి. పట్టికలు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, తయారుచేసిన ఫంక్షనల్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్‌ను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని అడగండి. చిన్నతనం నుంచి వృత్తిశిక్షణకు ముందు దశ దాకా ఏయే పనులు చూడాలో అందులో వరసగా ఉంటాయి.

2. పనిని ముక్కలు చేసి చివరి ముక్క నుంచి నేర్పండి. రైస్ కుక్కర్‌లో అన్నం ఉదాహరణకు తీసుకుందాం. డబ్బాలోంచి రెండు కప్పులు కొలవడం, గిన్నెలో పొయ్యడం, మూడుసార్లు కడగడం, గీత దాకా నీళ్ళు పట్టడం, గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడవడం, కుక్కర్‌లో దించడం, మూత పెట్టడం, ప్లగ్గు పెట్టి స్విచ్ వెయ్యడం, చివరగా మీట నొక్కడం. మొదటి వారం అన్నీ మీరే చెయ్యండి, మీట మాత్రం వాడు నొక్కుతాడు. కాసేపటికి మీట టక్కున పైకి లేస్తుంది, అన్నం సిద్ధం, ‘నువ్వే వండావు’ అనిపించుకుంటాడు. తర్వాత వారం స్విచ్, మీట రెండూ వాడివే. ఇలా వెనక్కి జరుగుతూ పోతే ప్రతిసారీ పని పూర్తిచేసేది పిల్లవాడే అవుతాడు. మొదటి ముక్క నుంచి మొదలుపెడితే కడుగునీళ్ళ దగ్గరే విసుగొచ్చి లేచిపోతాడు.

గిన్నె లోపల ఎక్కడిదాకా నీళ్ళో చెరగని గుర్తు ఉండాలి. ఇక్కడో తిరకాసు. ఊరినుంచి తెచ్చిన సోనామసూరికీ, ఇక్కడి బాస్మతికీ నీళ్ళు ఒకటే కొలత కాదు. పిల్లవాడి డబ్బాలో ఎప్పుడూ ఒకే రకం బియ్యం ఉంచండి.

3. మాటలు కట్టిపెట్టండి. ఇది అన్నిటికన్నా కష్టమైన చిట్కా, ముఖ్యంగా మన అమ్మలకు. ‘సబ్బు తీసుకో, రుద్దు, చెవుల వెనక, ఆఁ, ఇప్పుడు నీళ్ళు’ అని పక్కన వ్యాఖ్యానం నడుస్తుంటే పిల్లవాడికి అలవాటయ్యేది స్నానం కాదు, మీ గొంతు. గొంతు ఆగితే చెయ్యి ఆగుతుంది. మనసులో ఐదు లెక్కపెట్టండి. కదలకపోతే సబ్బువైపు చూడండి. అప్పుడూ కాకపోతే వేలితో చూపించండి. మాట, చెయ్యి పట్టి చేయించడం ఆఖరివి. ఇంట్లో ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో, పనామె హిందీలో చెబుతుంటే కొందరు పిల్లలు తికమకపడతారు. ఒక పనికి ఒక భాషే వాడమని ఇంట్లో అందరికీ చెప్పండి. ఇంటి పనులకు తెలుగే ఉంచండి. బజారు పనులు హిందీలోనే నేర్పాలి, దుకాణదారు మాట్లాడేది అదే కాబట్టి.

4. ఢిల్లీ చలి వేరే పాఠం. జనవరిలో గీజర్ లేకుండా గడవదు, కానీ వేడినీళ్ళ కుళాయి ఈ పిల్లలకు ప్రమాదం. గీజర్ థర్మోస్టాట్ తగ్గించి పెట్టండి. వేడి కుళాయికి ఎర్ర టేపు చుట్టండి. బకెట్లో ముందు చన్నీళ్ళు సగం, ఆ తర్వాతే ఎర్ర కుళాయి: ఈ వరస ఎప్పుడూ మారకూడదు. చెయ్యి ముంచి చూడడం కూడా ఒక మెట్టే. బట్టల సంగతికొస్తే, అల్మారా తలుపు లోపలివైపు మూడు ఫొటోలు అంటించండి: ఎండాకాలం వేషం, నవంబరు వేషం, జనవరి వేషం. ఇన్నర్, చొక్కా, స్వెటర్, టోపీ ఏది ముందో ఫొటోలో వాడే వేసుకుని చూపిస్తుండాలి. నెట్లో దొరికే బొమ్మలకంటే సొంత ఫొటో త్వరగా పనిచేస్తుంది.

5. బయట మరుగుదొడ్డి మగపిల్లల విషయంలో నాన్నల బాధ్యత. పద్నాలుగేళ్ళ కొడుకును అమ్మ ఆడవాళ్ళ వైపు తీసుకెళ్ళలేదు. మాల్‌లోనో, స్టేషన్‌లోనో ఒక్కడినే లోపలికి పంపి బయట గుండె చిక్కబట్టుకుని నిలబడే తల్లులు ఈ ఊళ్ళో ఎందరో. ప్యాంటు మోకాళ్ళదాకా దించకుండా జిప్పు వరకే తియ్యడం, పక్కవాడికి ఒక చోటు వదిలి నిలబడడం, ఎవరితోనూ మాట కలపకపోవడం, చేతులు కడుక్కుని నేరుగా బయటికి రావడం. ఇవన్నీ ఆదివారం ఖాళీగా ఉండే చోట నాన్నే వెంట వెళ్ళి చూపించాలి. ఎలాస్టిక్ ప్యాంట్లు సుఖమే కానీ, వాటితో జిప్పు ఎప్పటికీ రాదు.

6. ఆడపిల్లలకు నెలసరి రాకముందే ప్యాడ్ అలవాటు చెయ్యండి. నెలలో నాలుగు రోజులు ఉత్తినే పెట్టుకుని తిరగనివ్వండి. ఆ మెత్తదనం, ఆ చప్పుడు పడని పిల్లలకు ఈ సమయం అవసరం. ప్యాడ్ మీద ఎర్రరంగు చుక్కలు వేసి, ఎప్పుడు మార్చాలో చూపించండి. కాగితంలో చుట్టి డస్ట్‌బిన్‌లో వెయ్యడం, తలుపు గడియ పెట్టుకోవడం, ఈ మాట అమ్మతోనూ టీచరుతోనూ తప్ప చెప్పకపోవడం, ఇవన్నీ విడివిడి పాఠాలు. ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి ఎవరికి అనుమతి ఉందో, ఎవరికి లేదో అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఇప్పుడే చెప్పాలి. ‘వద్దు’ అనడం ఇంట్లో గౌరవించకపోతే బయట వాళ్ళు ఆ మాట అనలేరు.

7. డబ్బు పాఠం మొదలుపెట్టడానికి మదర్ డెయిరీ బూత్‌ను మించిన బడి లేదు. ధర ముందే రాసి ఉంటుంది, బేరం లేదు, రోజూ అదే మనిషి, అదే వస్తువు. చిల్లర లెక్క రానివాళ్ళకు ఒక ఉపాయం ఉంది: ధర ఎంతైనా దాని పైపది ఇచ్చెయ్యాలి. ముప్పైనాలుగంటే నాలుగు పదులు, నలభైఏడంటే ఐదు పదులు. తీసివేత రాకపోయినా పెరుగు ప్యాకెట్ ఇంటికొస్తుంది. మొదట పర్సులో పదిరూపాయల నోట్లే ఉంచండి. కొత్త నోట్ల రంగులు వేరువేరు కాబట్టి అంకె చదవలేనివాళ్ళు కూడా లావెండర్ వంద, పసుపుపచ్చ రెండొందలు ఆనవాలు పడతారు. బూత్ అతనికి ముందురోజే మీరు వెళ్ళి సంగతి చెప్పండి: ‘భయ్యా, తొందరపెట్టొద్దు, కాసేపు ఆగండి’. చాలామంది ఆగుతారు. వెనక లైన్లో ఉన్నవాళ్ళ సంగతే చెప్పలేం, అందుకే సాయంత్రం రద్దీ వద్దు, మధ్యాహ్నం వెళ్ళండి.

8. ఫోన్‌తో చెల్లించేవాళ్ళకు యూపీఐ సర్కిల్ చూడండి. 2024లో వచ్చింది. ఖాతా మీదే, ఫోన్ పిల్లవాడిది. వాడు క్యూఆర్ స్కాన్ చేస్తే అనుమతి కోసం మీ ఫోన్‌కి వస్తుంది, పిన్ మీరు కొడతారు. నమ్మకం కుదిరాక నెలకు పదిహేను వేలు మించని పరిమితితో పూర్తిగా వదిలెయ్యొచ్చు. నోట్లు మాత్రం మానిపించకండి, నెట్ పోయినప్పుడు అవే దిక్కు.

9. మెట్రో ఈ ఊరి పిల్లవాడికి స్వేచ్ఛనిచ్చే బండి. నేర్పేటప్పుడు అందరూ దారి మీద దృష్టి పెడతారు. అసలు చిక్కు లోపలికి వెళ్ళకముందే, సెక్యూరిటీ దగ్గర వస్తుంది. సంచి ఎక్స్‌రే పెట్టెలోకి పోతుంది, సీఐఎస్‌ఎఫ్ జవాను డిటెక్టర్‌తో ఒళ్ళంతా తడుముతాడు. ముట్టుకుంటే ఒప్పుకోని ఆటిజం పిల్లవాడికి ఇది పిడుగు. పైగా ఆడవాళ్ళ వరస, మగవాళ్ళ వరస వేరు. అంటే సరిగ్గా ఆ క్షణంలో అమ్మ పక్కన ఉండదు. ఇంట్లో టీవీ రిమోట్‌తో రోజూ సాధన చేయించండి: చేతులు చాచడం, పది అంకెలు, అయిపోయింది. సంచి ఏ వైపు నుంచి బయటికొస్తుందో స్టేషన్‌కి తీసుకెళ్ళి పక్కన నిలబడి చూపించండి. ఎదిగిన కొడుకుతో ముందుండే మహిళల బోగీ ఎక్కకండి, మొదటిరోజు నుంచే జనరల్ బోగీ అలవాటు చెయ్యండి.

టికెట్ సంగతి స్మార్ట్ కార్డుతో తేలిపోతుంది, పది శాతం తగ్గింపు కూడా. 2025 ఆగస్టు నుంచి కనీస ఛార్జీ ₹11. మొదటి దారిగా రైలు మారనక్కర్లేనిది ఎంచుకోండి. మయూర్ విహార్ ఫేజ్ 1లో పింక్ లైన్ ఎక్కితే దిగకుండానే దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ దాకా పోవచ్చు. రాజమండ్రిలో పుట్టి, 1948లో ఈ ఊళ్ళో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పిన ఆవిడ పేరు స్పీకర్లో వినపడగానే దిగాలని చెబితే తెలుగింటి పిల్లలకు బాగా పడుతుంది. తలుపులు ఎడమవైపా కుడివైపా అని ప్రతి స్టేషన్‌కీ చెబుతారు, దానికి తగ్గట్టు తిరగడం వస్తే కుడిఎడమల పాఠం అయిపోయినట్టే. తర్వాత మెట్టు: అదే బోగీలో మీరు దూరంగా కూర్చోవడం. ఆ తర్వాత పక్క బోగీ. ఆ తర్వాత గమ్యస్థానంలో ఎదురుచూడడం. రాజీవ్ చౌక్‌లో సాయంత్రం ఆరింటికి రైలు మారడం ఆఖరి పరీక్ష, తొందరేం లేదు.

10. తప్పిపోతే ఏం చెయ్యాలో తప్పిపోకముందే నేర్పాలి. మెడలో కార్డు ఎదిగిన పిల్లలు ఒప్పుకోరు, అవమానంగా ఉంటుంది, అది న్యాయమే. పర్సులో యూడీఐడీ కార్డు, వెనక మీ నంబరు. యూనిఫాంలో ఉన్నవాళ్ళకు కార్డు చూపించడం, 112 నొక్కడం, ఉన్నచోటే నిలబడడం నేర్పండి. మీరే స్తంభం వెనక దాక్కుని సాధన చేయించండి.

11. చదువు సంగతి క్లుప్తంగా. సీబీఎస్‌ఈ మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనంగా ఇస్తుంది, రాసిపెట్టే మనిషిని అనుమతిస్తుంది. అయితే చెప్పి రాయించుకోవడం కూడా ఒక విద్యే, దానికి ఏడాది సాధన కావాలి. ఆ బరువు మొయ్యలేకపోతే నోయిడా సెక్టార్ 62లో ప్రధాన కార్యాలయమున్న ఓపెన్ స్కూలు బోర్డు ఎన్ఐఓఎస్ ఉంది. ఒకసారి పేరు నమోదైతే ఐదేళ్ళ గడువు, తొమ్మిది అవకాశాలు. ఒక్కో సబ్జెక్టే రాసుకోవచ్చు. ఎవరైనా చులకనగా మాట్లాడితే పట్టించుకోకండి.

12. పదో తరగతిలో ఉండగానే పని జరిగే చోట్లు చూపించండి. వసంత్ కుంజ్‌లో ముస్కాన్, వసంత్ విహార్‌లో 1984లో మొదలైన తమన, కడకడ్‌డూమాలో 1981 నుంచి నడుస్తున్న అమర్ జ్యోతి, జసోలాలో 1991లో పుట్టిన యాక్షన్ ఫర్ ఆటిజం: ఎక్కడికి వెళ్ళినా మీరు మాట్లాడకుండా పిల్లవాడు ఏ పని దగ్గర ఆగి చూస్తున్నాడో గమనించండి. చేతిపని కంటే ముందు కావాల్సినవి టైముకు రావడం, టిఫిన్ తానే తిని డబ్బా కడుక్కోవడం, సెలవు కావాలంటే అడగడం. ఇవి ఏ కోర్సులోనూ ఉండవు, ఇంట్లోనే వస్తాయి.

13. పద్దెనిమిది నిండితే మీ అబ్బాయి చట్టం దృష్టిలో పెద్దవాడు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయిలో ఉండే లోకల్ లెవెల్ కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. అదే ట్రస్టు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. ఈలోపు సంతకం నేర్పండి. పొట్టి సంతకం చాలు, కానీ ప్రతిసారీ ఒకేలా పడాలి, బ్యాంకువాళ్ళు చూసేది అదే.

14. వేసవి సెలవుల్లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్సో ఏపీ ఎక్స్‌ప్రెస్సో ఎక్కి ఊరికి పోతే నెలరోజుల్లో అన్నీ మర్చిపోయి వస్తాడని చాలామంది వాపోతారు. అమ్మమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతుంది, ‘పాపం పిల్లాడి చేత పని చేయిస్తావా’ అంటుంది. ఆమెతో వాదించి లాభం లేదు. బయల్దేరేముందు ఫోన్‌లో ఒక కోరిక కోరండి: ‘అమ్మా, వాడు నీకు అన్నం వండిపెట్టాలనుకుంటున్నాడు, మీ ఇంట్లో కుక్కర్ ఉందిగా?’ మీరు గుర్తు పెట్టిన గిన్నె, ఒక కప్పు సంచిలో వేసుకెళ్ళండి.