పారిశ్రామిక తనిఖీ: ఒక సంతకం విలువ

ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపించే మన కళాశాలలో 'తనిఖీ' అనే మాటకు అనువాదం అక్కరలేదు. అరబ్బీలోని 'తన్ఖీహ్' నుండి పుట్టి, ఉర్దూ కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చి, పల్లెలోని రైతు నోట కూడా నిలిచిపోయిన మాట ఇది. పనికిరానిదానిని ఏరివేసి శుద్ధి చేయడం అని దాని మూలార్థం. నేడు కర్మాగారాలలో ఈ పనినే వృత్తిగా చేపట్టిన సంస్థలు అనేకం ఉన్నవి. వాటిలో ఉద్యోగం కోరి శిక్షణకు వెళ్ళే మన విద్యార్థుల సంఖ్య కూడా తక్కువ కాదు. కనుక ఆ వృత్తి స్వరూపమేమిటో, దానికి కావలసిన శిక్షణ ఎట్టిదో ఈ వ్యాసంలో వివరింప దలచాము.

తనిఖీ భావం మన పరిసరాలకు కొత్తది కాదు. ఆబిడ్స్ చేరువలో గన్‌ఫౌండ్రీ అనే పేట ఉన్నది. ఉర్దూలో దానిని 'తోప్ కా సాంచా' అంటారు. 18వ శతాబ్ది చివరి భాగంలో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. ఫిరంగులు తయారైన దేశాలలో ఒక ఆచారం ఉండేది. కొత్త ఫిరంగిలో మామూలుకంటె ఎక్కువ మందు దట్టించి, మనుషులు దూరంగా నిలిచి, ముందుగా ఒకసారి పేల్చి చూచేవారు. పగిలితే అక్కడే పగలాలి, యుద్ధభూమిలో సిపాయి చేతిలో కాదు అన్నది దాని ఆంతర్యం. అదే విధంగా, పాత రోజులలో రైలు స్టేషన్లలో బండి ఆగగానే ఒక ఉద్యోగి పొడుగాటి సుత్తితో చక్రాలను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ పోయేవాడు. మంచి చక్రం గంటవలె మ్రోగుతుంది, బీట ఉన్నది బొంగురు పోతుంది. 1907లో ప్రారంభమైన నాంపల్లి స్టేషను కూడా ఆ కాలానికి చెందినదే. సంతలో కుండ కొనే ఇల్లాలు వేలి కణుపుతో తట్టి వినడం కూడా ఈ శాస్త్రమే. ఈ రెండు పద్ధతులూ, అనగా ఎక్కువ బరువు మోపి చూడడం, తట్టి వినడం, నేటి పారిశ్రామిక తనిఖీకి మూలస్తంభాలుగా నిలిచి ఉన్నవి.

చరిత్ర

ఆవిరి యంత్రాలతో పాటు బాయిలర్ల ప్రేలుళ్ళు కూడా లోకానికి వచ్చినవి. ఇంగ్లండులో విలియం ఫెయిర్‌బెయిర్న్ మున్నగువారి కృషితో 1854లో మాంచెస్టరు నగరంలో ఆవిరి వినియోగదారుల సంఘం ఏర్పడి, సభ్యుల బాయిలర్లను క్రమం తప్పక పరీక్షింప సాగింది. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు ప్రేలి పలువురు మరణించారు. ఫలితంగా 1864లో బెంగాలులో బాయిలర్ల తనిఖీ శాసనం వచ్చింది. తరువాత దేశమంతటికీ 1923లో భారత బాయిలర్ల చట్టం వచ్చి, శతాబ్దానికి పైగా అమలులో ఉన్నది. 2025లో కొత్త బాయిలర్ల చట్టం దాని స్థానాన్ని తీసుకొన్నది. ప్రతి తనిఖీ నిబంధన వెనుక ఎక్కడో ఒక శ్మశానం ఉన్నదన్న సత్యాన్ని ఈ చరిత్ర తెలుపుతున్నది.

బాయిలరును నీటితో నింపి, అది పని చేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఒత్తిడి కలిగించి నిలిపి చూడడం ముఖ్యమైన పరీక్ష. గాలితో కాక నీటితో ఎందుకు? నీరు ఒత్తిడికి దాదాపు కుంచించుకొనదు. కనుక దానిలో శక్తి పెద్దగా నిలువ ఉండదు. రేకు చిట్లినా నీరు కారుతుందే కాని ముక్కలు ఎగిరి మనుషులను చంపవు. గన్‌ఫౌండ్రీనాటి ఆలోచనే ఇక్కడ మరింత వివేకంతో అమలవుతున్నది.

తనిఖీకి కొలబద్ద కావాలి. ఆ కొలబద్దలను రూపొందించే భారత ప్రమాణాల సంస్థ 1947లో వెలసింది. ఐ.ఎస్.ఐ. ముద్రగా ప్రజలెరిగినది దాని ముద్రయే. 1987 ఏప్రిల్ 1 నుండి అది భారత ప్రమాణాల బ్యూరోగా మారింది. ఆ రోజులలో అచ్చయిన ప్రమాణ పుస్తకాల చివరి అట్టపై హైదరాబాదు శాఖ చిరునామాగా నాంపల్లి స్టేషను రోడ్డు కనిపిస్తుంది. మనం నిత్యం నడిచే దారిలోనే దేశపు కొలబద్దలు లభించేవన్న మాట.

పరీక్షా పద్ధతులు

వస్తువును కోయకుండా, విరగగొట్టకుండా దాని లోపాన్ని తెలుసుకొనడమే ఈ వృత్తిలోని కౌశలం. కంటితో చూడడం మొదటి పద్ధతి. ఇది తేలికగా కనిపించినా అన్నిటికీ తల్లివంటిది. రెండవది రంగు ద్రవం పూసి, తుడిచి, బీటలో మిగిలిన రంగు తెల్లని పొడిపై తేలడం చూచే పద్ధతి. మూడవది ఇనుమును అయస్కాంతీకరించి, ఇనుప రేణువులు బీట వెంట గుమికూడడం గమనించే పద్ధతి. నాల్గవది ఎక్స్‌-కిరణాలతోగాని, ఇరిడియం-192 వంటి రేడియోధార్మిక పదార్థంతోగాని వెల్డింగు అతుకును ఫిలిం మీద చిత్రించే రేడియోగ్రఫీ. ఇందులో ఏమరుపాటు పనివాని ప్రాణానికే ముప్పు. అయిదవది అతిధ్వని తరంగాల పరీక్ష. సుత్తితో చక్రాన్ని తట్టిన ఉద్యోగికి ఇది మనుమడి వరుస.

భౌతికశాస్త్ర విద్యార్థుల కొరకు ఈ చివరి దానిని కొంచెం వివరిస్తాము. ఉక్కులో అతిధ్వని తరంగం సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో పోతుంది. 25 మిల్లీమీటర్ల మందం గల ఉక్కులో అడుగు వరకు పోయి తిరిగి రావడానికి 50 మిల్లీమీటర్లు ప్రయాణించాలి. అందుకు సెకనులో పది లక్షలవ భాగాలు ఎనిమిదిన్నర పడుతుంది. యంత్రం కొలిచేది ఈ కాలాన్ని మాత్రమే, మందాన్ని కాదు. మనిషి ఇచ్చిన వేగంతో గుణించి యంత్రం మందాన్ని చెబుతుంది. అల్యూమినియంలో వేగం సుమారు 6,300 మీటర్లు. యంత్రాన్ని ఆ వేగానికి ఉంచి, మరచి, ఉక్కు గొట్టం మీద పెడితే, 8 మిల్లీమీటర్లకు అరిగిన గొట్టం 8.5 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. అర మిల్లీమీటరు ఉక్కు కాగితం మీద పుట్టుకొని వస్తుంది! యంత్రంలో దోషం లేదు. అడిగినవానికి అడగడం రాలేదు. ఈ కారణం చేతనే పని మొదలుపెట్టే ముందు, మందం ముందుగా తెలిసిన ఉక్కు దిమ్మపై యంత్రాన్ని సరిచూచుకొనడం పరీక్షకుని మొదటి ధర్మం.

శిక్షణ

ఈ పరీక్షకులకు మూడు స్థాయిలు ఉన్నవి. మొదటి స్థాయివాడు వ్రాసి యిచ్చిన సూచనల ప్రకారం పరీక్ష జరుపుతాడు. రెండవ స్థాయివాడు యంత్రాన్ని సరిచూచి, ఫలితాన్ని ప్రమాణంతో పోల్చి, నివేదికపై సంతకం చేస్తాడు. మూడవ స్థాయివాడు పద్ధతులను నిర్ణయిస్తాడు, కింది వారికి శిక్షణ నిస్తాడు.

అమెరికా సంఘం 1966లో మొదట ప్రచురించిన ఎస్.ఎన్.టి.-టి.సి.-1ఎ అనే సిఫారసు పత్రం లోకంలో బహుళ ప్రచారంలో ఉన్నది. దాని ప్రకారం అతిధ్వని పరీక్షకు మొదటి స్థాయిలో 40 గంటలు, రెండవ స్థాయిలో మరి 40 గంటలు శిక్షణ కావాలి. విద్యార్హతను బట్టి కొంత తగ్గింపు ఉండవచ్చును. అంతటితో సరిపోదు. మొదటి స్థాయికి 210 గంటలు, రెండవ స్థాయికి 630 గంటలు ఆ పద్ధతిలో పని చేసిన అనుభవం చూపాలి. సాధారణ, ప్రత్యేక, ప్రయోగ పరీక్షలు మూడింటిలోనూ విడివిడిగా నూటికి 70కి తగ్గక, మొత్తం సగటు 80కి తగ్గక రావాలి.

విద్యార్థులు చాలామంది గమనింపని విషయం ఒకటి ఉన్నది. ఈ పద్ధతిలో అర్హత నిచ్చేది యజమాని. ఆ ఉద్యోగం విడిచిన నాడు ఆ అర్హత కూడా ముగుస్తుంది. కొత్త యజమాని తిరిగి పరిశీలించి తన పేర ఇవ్వవలసిందే. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 9712 పద్ధతి వేరు. అందులో యజమానితో సంబంధం లేని స్వతంత్ర సంస్థ పరీక్షించి అయిదేళ్ళ గడువుతో అర్హత ఇస్తుంది. మన దేశంలో ఐ.ఎస్. 13805 అనే ప్రమాణం ఈ విషయానికే ఉద్దేశింపబడినది.

తనిఖీ సంస్థల సమాచార పత్రికలలో సిబ్బంది వార్తలు చూచిన వారికి మొదట అవి నీరసంగా తోచవచ్చును. ఒకరు రెండవ స్థాయి పూర్తి చేశారు, మరొకరు అర్హతను పునరుద్ధరించుకొన్నారు, ఇంకొకరికి వార్షిక నేత్ర పరీక్ష జరిగింది అన్నవే ఆ వార్తలు. కాని బట్టల దుకాణానికి సరుకెట్లో తనిఖీ సంస్థకు మనుషులట్లు. ఆ సంస్థ అమ్మేది సంతకాన్ని. సంతకం చేసే మనిషి కన్ను మసకబారితే సరుకు పాడైనట్లే. అందుచేతనే పన్నెండంగుళాల దూరం నుండి జేగర్ రెండవ సంఖ్య సన్నని అక్షరాలను చదువగలడో లేడో ఏటేటా పరీక్షిస్తారు. ఈ వృత్తిలో చదువు ముగియడం అనేది లేదు.

మేము చూచిన ఒక ధ్రువపత్రం

కొంత కాలం క్రితం మా పూర్వ విద్యార్థి ఒకడు సంతోషంతో మా వద్దకు వచ్చి, మూడు పద్ధతులలో రెండవ స్థాయి ధ్రువపత్రాలు చూపించాడు. గల్ఫులో ఉద్యోగానికి అవి చాలునని ఎవరో చెప్పారట. శిక్షణ ఎన్నాళ్ళు సాగిందని అడిగితే వారం రోజులన్నాడు. సరిచూచే దిమ్మను ఎట్లా వాడుతారని అడిగాము. తల వంచుకొన్నాడు. ముప్పై మందికి ఒక్క యంత్రం ఉన్నదని, తాను వెనుక బల్లమీద నుండి చూచానని చెప్పాడు. చివరకు, "అక్కడికి వెళ్ళాక నేర్చుకుంటాను సార్" అన్నాడు. ఇంట్లో తండ్రి చేసిన అప్పు, పెళ్ళికెదిగిన చెల్లెలు మాకు తెలియనివి కావు. అతనిని నిందించడానికి మాకు నోరు రాలేదు. కాని సమాధానం చెప్పక ఊరకుండడానికి మనస్సు ఒప్పలేదు.

అతనికి మేము చెప్పినది 2014 జూన్ 27వ తేదీ సంగతి. ఆ తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో భూమిలోని సహజవాయువు గొట్టం నుండి వాయువు వెలువడి మంటలు చెలరేగినవి. ఇళ్ళలో ఉన్నవారు ఉన్నట్లే చిక్కుకొన్నారు. ఇరవై మందికి పైగా మరణించారు. పొడి వాయువు కొరకు ఉద్దేశించిన గొట్టంలో తడి చేరి, లోపలి వైపున తుప్పు తిని, గొట్టం పలుచబడినట్లు విచారణలో తేలింది. పై నుండి చూచిన కంటికి ఆ తుప్పు కనబడదు. దానిని పట్టగలిగినవి క్రమమైన కొలతలు, ఆ కొలతల అర్థం తెలిసిన మనుషులు. 2020 మే 7న విశాఖపట్నం శివారులో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన దుర్ఘటనలో కూడా, ట్యాంకు అడుగునే ఉష్ణోగ్రత కొలిచి పై పొరల వేడిని గమనింపకపోవడం ఒక లోపంగా విచారణ సంఘం చూపింది. కొలత ఉన్నది, కావలసిన చోట లేదు.

మన నాంపల్లి సంగతి మాత్రం మరువదగినదా? 2023 నవంబరు 13న బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింది భాగాన నిలువ చేసిన రసాయనాల పీపాలకు నిప్పంటుకొని పలువురు మరణించారు. అక్కడ అతిధ్వని యంత్రం అక్కరలేదు. కింది అంతస్తును చూచే రెండు కళ్ళు, చూచినది చెప్పే ఒక నోరు ఉంటే చాలును.

విద్యార్థులకు మనవి

కనుక ఈ శిక్షణకు రుసుము చెల్లించే ముందు కొన్ని ప్రశ్నలు తప్పక అడగండి. ఏ ప్రమాణం ప్రకారం అర్హత ఇస్తారు? ఇచ్చేది యజమానియా, స్వతంత్ర సంస్థయా? శిక్షణ ఎన్ని గంటలు? అందులో యంత్రం నా చేతిలో ఉండేది ఎన్ని గంటలు? బోధించే మూడవ స్థాయి నిపుణుని అర్హత నేటికీ చెల్లుతున్నదా? అనుభవ గంటలను ఎవరు ధ్రువీకరిస్తారు? వీటికి సూటి సమాధానం రాకపోతే మీ ధనాన్ని దాచుకొనండి.

ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివినందున ఈ వృత్తి తమకు అందదని కొందరు వెనుకాడుతారు. ఒకనాడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ గన్‌ఫౌండ్రీ ప్రాంతపు అద్దె భవనాలలోనే ప్రారంభమై, ఉర్దూలో ఉన్నత విద్య గరపింది. ఇంజనీరింగును సైతం ఆ భాషలో బోధించింది. నివేదిక వ్రాయడానికి ఇంగ్లీషు నేర్వవలసినదే. కాని తరంగం తిరిగి వచ్చే తీరు అర్థం కావడానికి అమ్మ భాషకు మించినది లేదు.

మా విద్యార్థి ఆ ధ్రువపత్రాలను ఇంటికి తీసుకొనిపోయాడు. కొన్ని నెలల తరువాత ఒక చిన్న వర్క్‌షాపులో సహాయకునిగా చేరి, మొదటి స్థాయికి గంటలు లెక్క పెట్టుకొంటున్నానని కబురు పంపాడు. జీతం స్వల్పమే. కాని ఏదో ఒకనాడు అతడు ఒక నివేదికపై సంతకం చేస్తాడు. ఆ గొట్టం పక్కన ఇల్లు కట్టుకొన్నవారికి అతని పేరు ఎన్నటికీ తెలియదు. వారు రాత్రి నిశ్చింతగా నిద్రపోతారు. తనిఖీదారు సంతకం విలువ అదే.