దురుస్తీ, పునర్వికాస్: పాత చాళ్లలోని అద్దెదారులు తెలుసుకోవలసిన విషయాలు

ముంబయిలో కమాఠీపుర అనే పేట పేరు తెలుగువారి వలసకు మిగిలిన గుర్తు. నిజాం రాజ్యం నుండి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్లెత్తిన కూలీలను ఇక్కడివారు కామాఠీలన్నారు. వారు నివసించిన పేటకు ఆ పేరే స్థిరపడింది. తరువాత బట్టల మిల్లుల కాలంలో తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాల చాళ్లలో గదులు తీసుకున్నాయి. మిల్లులు మూతపడ్డాయి గాని గదులు మిగిలాయి. తాతగారి పేరిట ఉన్న అద్దె రసీదుతో మనుమలు నేటికీ అదే ఖోలీలో కాపురముంటున్న ఇళ్లు ఉన్నాయి. ఆ గోడలలో కొన్నింటికి నూరేళ్లు నిండాయి.

ఇటువంటి ఇళ్లలో ఉన్నవారు మరమ్మతు కోసం యజమాని వైపు చూడక తప్పదు. అయితే తాము దేనికోసం ఎదురుచూస్తున్నారో స్పష్టంగా తెలియకపోతే ఆ నిరీక్షణకు అంతు ఉండదు. మరాఠీ కాగితాలలో రెండు మాటలు తరచుగా కనిపిస్తాయి: దురుస్తీ, పునర్వికాస్. దురుస్తీ అంటే మరమ్మతు. తెలంగాణలో మనం అనే "దురస్తు", ఈ "దురుస్తీ" ఒకే పారసీ పదం నుండి వచ్చినవి. పునర్వికాస్ అంటే పాత కట్టడాన్ని కూల్చి కొత్తది కట్టడం. మొదటిది నేడు కారుతున్న పైకప్పుకు సంబంధించినది, రెండవది మునుముందు రాబోయే ఇంటికి సంబంధించినది. "త్వరలో పునర్వికాస్ జరుగనున్నది, ఇప్పుడు దురుస్తీ దేనికి?" అనే సమాధానం అనేక చాళ్లలో ఏళ్ల తరబడి వినబడుతున్నది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ సమాధానం గురించే.

దానికంటే ముందు మరి మూడు మాటలు చెప్పుకోవాలి. ఇక్కడి బడులలో చదివిన పిల్లలకు మరాఠీ చక్కగా వచ్చును. కాని నోటీసు అందుకొని సంతకం పెట్టేది సాధారణంగా ఇంటి పెద్దలు. వారి చెవికి మరాఠీ మాట తెలుగులోనో హిందీలోనో వినబడుతుంది. "గళతీ" అని రాసి ఉంటే అది తప్పు కాదు, నీరు కారడం. "ధోకాదాయక్ ఇమారత్" అంటే మోసపు కట్టడం కాదు, ప్రమాదకరమైన కట్టడం. దానికి ముందు "అతి" చేరితే కూలే స్థితిలో ఉన్నదని అర్థం. "ఉపకరప్రాప్త్" అన్న మాటను చూసి తమకేదో ఉపకారం జరిగిందని అనుకొనేవారుంటారు. అందులో ఉన్నది ఉపకారం కాదు, ఉపకరం, అనగా సెస్సు. మరమ్మతు సెస్సు చెల్లిస్తున్న కట్టడమని దాని భావం. ఆ ఒక్క మాట మీ ఇంటి మీద ఎవరికి ఏ బాధ్యత ఉన్నదో చెబుతుంది కనుక దానిని నిర్లక్ష్యం చేయరాదు.

ఈ సెస్సు ఎందుకు వచ్చిందో తెలిస్తే యజమానుల ఆలస్యానికి ఒక కారణం కూడ తెలుస్తుంది. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టం పాత ఇళ్ల అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయిలో నిలిపివేసింది. కార్మిక కుటుంబాలు ఈ నగరంలో నిలదొక్కుకోగలిగినది ఆ చట్టం వల్లనే. అదే సమయంలో, అద్దె పెరగని ఇంటిమీద డబ్బు పెట్టడానికి యజమానులు ఇష్టపడలేదు. ఇళ్లు కూలడం మొదలైన తరువాత 1969లో మరమ్మతు, పునర్నిర్మాణ మండలి కోసం చట్టం వచ్చింది. ఆ మండలి ఇప్పుడు మ్హాడాలో భాగం. నగర ద్వీప భాగంలో 1969 సెప్టెంబరు 30 లోపల కట్టిన ప్రైవేటు అద్దె ఇళ్లను మూడు వర్గాలు చేసి సెస్సు విధించారు. మొదట అటువంటివి 19,642 ఉండగా, వాటిలో 16,502 కట్టడాలు 1940 సెప్టెంబరుకు పూర్వపువి. 1999 చట్టం ఏడాదికి నాలుగు శాతం చొప్పున అద్దె పెంచుకోనిచ్చింది. మూలమే స్వల్పమైనప్పుడు ఆ నాలుగు శాతంతో గోడకు సిమెంటు పూత కూడ పడదు. కాబట్టి యజమాని చెప్పేదంతా సాకు అనలేము. అయినా అతని బాధ్యత తొలగిపోలేదు.

1999 చట్టంలోని సెక్షన్ 14 ప్రకారం, అద్దెదారు వేరే విధంగా ఒప్పుకొని ఉంటే తప్ప, ఇంటిని నివాసయోగ్యంగా ఉంచవలసినది యజమానియే. ఆయన ఉపేక్షిస్తే అద్దెదారు ఒంటరిగా గాని, సంబంధిత అద్దెదారులందరు కలిసి గాని కనీసం పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇవ్వవచ్చును. ఆ తరువాత తగిన కాలంలో పని జరగకపోతే తామే చేయించుకొని ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చును. ఇక్కడ ఒక పరిమితి ఉన్నది. ఏ సంవత్సరంలోనైనా ఆ సంవత్సరపు అద్దెలో నాలుగో వంతుకు మించి మినహాయించరాదు. నెలకు 200 రూపాయల అద్దె అనుకుందాము. ఏడాదికి 2,400 అవుతుంది, అందులో నాలుగో వంతు 600. ఈ సొమ్ముతో ఒక నీటి గొట్టం మార్చడం కూడ కష్టమే. మరి ఈ హక్కు వల్ల ప్రయోజనమేమిటని అడుగవచ్చును. డబ్బు రూపంలో చూస్తే స్వల్పమే. అయితే తేదీతో కూడిన ఆ నోటీసు, ఫలానా నాడు యజమానికి విషయం తెలుసునని నిరూపించే కాగితం. మండలికి వెళ్లినా, న్యాయస్థానానికి వెళ్లినా ముందుగా అడిగేది దానినే.

సెస్సు చెల్లించే ఇంటివారు మ్హాడా మరమ్మతు మండలికి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చును. మండలి చేసే ఖర్చుకు చదరపు మీటరు లెక్కన ఒక పరిమితి ఉంటుంది. అంచనా దానిని మించితే మిగిలిన మొత్తాన్ని భరించడానికి అద్దెదారులు అంగీకరించాలి. అంగీకరించని పక్షంలో కట్టడం మరమ్మతుకు అందనిదిగా నిర్ణయింపబడవచ్చును. కనుక అంచనా ప్రతిని చూడకుండా "మాకు సమ్మతం కాదు" అని గాని, "సమ్మతమే" అని గాని రాసి ఇవ్వకండి.

నగరపాలక సంస్థయే యజమానిగా ఉన్న ఇళ్ల సంగతి వేరు. ఈ పుస్తకాన్ని ప్రచురిస్తున్నది అటువంటి సంస్థయే అయినా, అద్దెదారుకు అనుకూలం కాని విషయాన్ని దాచడం పాఠం కాదు. 1896 నాటి ప్లేగు తరువాత, 1898లో ఏర్పడిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టిన చాళ్లను బీఐటీ చాళ్లంటారు. డాక్టర్ అంబేద్కర్ రెండు దశాబ్దాలకు పైగా నివసించినది పరేల్‌లోని అటువంటి చాళ్‌లోనే. 1933లో ట్రస్టు నగరపాలక సంస్థలో విలీనమైంది, చాళ్లు కూడ దానితో వచ్చాయి. ప్రభుత్వానికి, స్థానిక సంస్థలకు చెందిన ఇళ్లకు 1999 అద్దె చట్టం వర్తించదు. అంటే పైన చెప్పిన పదిహేను రోజుల నోటీసు, అద్దె మినహాయింపు ఈ అద్దెదారులకు లేవు. మరమ్మతు చేయలేదని అద్దె ఆపితే, ఖాళీ చేయించే అధికారం పురపాలక చట్టంలోని సెక్షన్ 105బి కింద సంస్థకు ఉన్నది. అందువల్ల కోపంతో అద్దె నిలిపివేయడం ఇక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైన పని. దరఖాస్తు వార్డు సహాయక కమిషనరు పేరిట ఇచ్చి, ప్రతిని ఎస్టేట్ శాఖకు పంపాలి.

దరఖాస్తులో "ఇల్లు పాడైపోయింది, దయచేసి బాగుచేయించండి" అని రాస్తే దానిమీద ఏ ఇంజనీరూ పని అంచనా వేయలేడు. "రెండవ అంతస్తు, ఉత్తరపు వైపు మూడవ గది. మరుగుదొడ్డి గొట్టం నుండి గళతీ. జూన్ మొదటి వారం నుండి కారుతున్నది. దూలంలోని ఇనుప కడ్డీలు బయటపడినవి" అని రాస్తే వేయగలడు. ఫోటో వెనుక తేదీ వేయండి. కాగితం ఇచ్చి ఊరికే తిరిగి రాకండి. మీ దగ్గర ఉంచుకొనే ప్రతిమీద ముద్ర, తేదీ, ఆవక్ క్రమాంక్ వేయించుకోండి. వచ్చిన కాగితానికి కార్యాలయం ఇచ్చే వరుస సంఖ్య అది. మరాఠీలో దీనిని "పోచ్" అంటారు. మన పెద్దలలో చాలామందికి నోటిమాట మీద గౌరవం ఎక్కువ. "సాహెబ్ చేస్తానన్నారు" అని తృప్తి పడతారు. ఆ సాహెబ్ బదిలీ అయిన నాడు ఆ మాట కూడ బదిలీ అవుతుంది. పోచ్ ఉంటే, తరువాత వచ్చిన అధికారి ముందు మళ్లీ మొదటినుండి మొదలుపెట్టనవసరం లేదు.

సమాధానం రాకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చును. దానికి 30 రోజుల గడువు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. "మా ఇల్లు ఎందుకు బాగుచేయలేదు?" అని అడగడం కంటే "ఫలానా క్రమాంక్ గల దరఖాస్తుపై ఏ చర్య తీసుకొన్నారు, తనిఖీ నివేదిక ప్రతి ఇవ్వండి, అంచనా ప్రతి ఇవ్వండి" అని అడగడం ఫలితమిస్తుంది. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వక పోవచ్చును గాని, ఉన్న కాగితాన్ని ఊరికే లేదనడం కష్టం.

ఇక పునర్వికాస్ మాట. దీనికి బీడీడీ చాళ్లే చక్కని ఉదాహరణ. 1920ల తొలి సంవత్సరాలలో ప్రభుత్వం కట్టించిన ఈ 207 చాళ్లు వర్లీ, నాయగావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్, శివడీలలో ఉన్నాయి. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. 500 చదరపు అడుగుల ఇళ్లిచ్చే పథకానికి 2017 ఏప్రిల్‌లో భూమిపూజ జరిగింది. వర్లీలో మొదటి 556 కుటుంబాలకు తాళపుచెవులు అందినది 2025 ఆగస్టులో. అందినవారికి అది నిజంగా పండుగే. కాని నడుమ ఎనిమిది వానాకాలాలు గడిచాయి. భూమిపూజ జరిగిన పథకమే ఇంత కాలం తీసుకొన్నప్పుడు, ఇంకా సమ్మతి పత్రాల దశలోనే ఉన్న చాళ్‌లో దురుస్తీని వాయిదా వేయడంలో అర్థం లేదు. పునర్వికాస్ ప్రతిపాదన ఉన్నంతమాత్రాన సెక్షన్ 14 బాధ్యత ఆగిపోతుందని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఈ జవాబు నోటితో చెప్పినవారిని దానినే రాసి ఇమ్మని అడగండి. రాయడానికి వెనుకాడితే ఆ మాట బలమెంతో తెలుస్తుంది.

విసిగిపోయి సొంత ఖర్చుతో పని చేయించుకొనేవారు ఒక హద్దు గమనించాలి. పూత, రంగు, నేలబండలు, కుళాయిలు, గొట్టాలు, విద్యుత్తు అమరికలు, పాత రకపు సామగ్రితోనే పైకప్పు మార్చడం వంటివి చట్టం ప్రకారం అద్దెదారు చేసుకోదగిన మరమ్మతులు. బరువు మోసే గోడను తొలగించడం, స్తంభం చెక్కడం, నడిమి అటక వేయడం వాటిలో చేరవు. 2013 సెప్టెంబరు 27న డాక్‌యార్డ్ రోడ్డు దగ్గర నగరపాలక సంస్థకు చెందిన నివాస భవనం కూలి 61 మంది చనిపోయారు. ఆ భవనం పాత చాళ్ కూడ కాదు. కింది అంతస్తులో జరిగిన మార్పుల మీదనే ఆనాడు ప్రధానంగా వేలెత్తి చూపారు. కింది గదిలో చెక్కిన స్తంభం పై గదిలోనివారిది కూడ.

కట్టడాన్ని ఇంజనీర్లు సీ1, సీ2ఏ, సీ2బీ, సీ3 అని వర్గీకరిస్తారు. సీ3 అంటే చిన్న మరమ్మతు చాలును. సీ2ఏలో కొంత భాగం ఖాళీ చేయించి పెద్ద మరమ్మతు చేయాలి. సీ2బీలో ఖాళీ చేయించకుండానే చేయవచ్చు. సీ1 అంటే వెంటనే ఖాళీ చేసి కూల్చవలసినది. యజమాని తెచ్చిన పరీక్షా నివేదిక సీ1 అంటున్నది, అద్దెదారులు చేయించినది మరమ్మతు చాలునంటున్నది అనుకోండి. అప్పుడు విషయం సాంకేతిక సలహా సంఘం ముందుకు వెళుతుంది. కాబట్టి అనుమానం ఉంటే చాళ్‌వారంతా చందా వేసుకొని అర్హత గల ఇంజనీరుతో వేరే పరీక్ష చేయించుకోవడం వృథా ఖర్చు కాదు.

సీ1 నోటీసు నిజమేనని తేలిన తరువాత కూడ గది విడవని కుటుంబాలు ఉన్నాయి. వారిది మొండితనం కాదు, భయం. బయటికి వస్తే తరతరాల హక్కు పోతుందని వారి ఆలోచన. ఈ భయానికి సమాధానం స్పష్టంగా ఉన్నది. కట్టడం కూల్చినంత మాత్రాన అద్దె హక్కు నశించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. చేయవలసినదల్లా, గది ఖాళీ చేయకముందే ఎవరి ఆధీనంలో ఎంత వైశాల్యమున్నదో అధికారులతో కొలిపించి, ఆ కొలతల పత్రాన్ని చేతికి తీసుకోవడం. దానికి తోడు పాత అద్దె రసీదులు, విద్యుత్తు బిల్లులు, రేషన్ కార్డు, తాతగారి నుండి పేరు మార్పిడి జరిగిన కాగితాలు ఒకచోట పెట్టుకోండి. అసలు రసీదు చనిపోయినవారి పేరిటే ఉండి ఉంటే, పేరు మార్పిడికి ఈ వారమే దరఖాస్తు ఇవ్వండి. పునర్వికాస్ జాబితాలో పేరుకెదురుగా "అపాత్ర్" అని రాసి ఉంటే అనర్హులని అర్థం. పేరు మార్పిడి కాగితం లేకపోవడం దానికి దారితీయవచ్చును. తాత్కాలిక వసతి కోసం సంక్రమణ్ శిబిర్‌కు వెళ్లేవారు, ఏ గదికి బదులుగా ఆ వసతి లభించిందో పత్రంలో రాయించుకోవాలి.

వానాకాలంలో మాత్రం కొన్నింటికి దరఖాస్తు రాస్తూ కూర్చోరాదు. పగులు రోజురోజుకు వెడల్పవుతున్నా, నిన్నటివరకు మూసుకొన్న తలుపు నేడు చట్రంలో బిగుసుకుపోతున్నా, దూలం నుండి పెచ్చులు, ఇసుక ఆగకుండా రాలుతున్నా, అర్ధరాత్రియైనా పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని బయటికి వచ్చి నగరపాలక సంస్థ విపత్తు విభాగానికి 1916 నంబరుకు ఫోను చేయండి. పై అంతస్తువారిని లేపండి. రసీదుల సంచి తలుపు దగ్గరే వేలాడుతూ ఉంటే దానిని తీసుకోవడానికి తిరిగి లోపలికి వెళ్లనక్కరలేదు.