చూడనివాణ్ని కూడా కథలోకి తీసుకురా

చి. హారికకు,

నీ కథ అందింది. మందు మింగిన కుర్రాడు ఎవరికీ కనపడకుండా పోయి హాస్టల్ వార్డెన్‌ను ముప్పుతిప్పలు పెట్టడం సరదాగానే ఉంది. పెద్దమ్మ అయితే పడీపడీ నవ్వింది. కానీ సగానికి వచ్చేసరికి ఆ ఆట వాడికీ విసుగెత్తింది, రాసే నీకూ విసుగెత్తింది. కథ అక్కడే చతికిలబడింది. ఎందుకో చెబుదామనే పెదనాన్న ఈ ఉత్తరం మొదలుపెట్టాడు.

ఈ దారిలో ముందు నడిచినవాడు హెచ్.జి. వెల్స్. 1897లో వచ్చిన ఆయన నవలలో గ్రిఫిన్ అనే శాస్త్రజ్ఞుడు తన ఒంటిని ఎవరికీ కనపడకుండా చేసుకుంటాడు. ఆ తర్వాత పడే పాట్లతోనే నవల రక్తికట్టింది. బట్ట కడితే బట్ట కనపడుతుంది, అందుకని లండన్ చలిలో దిసమొలతో తిరగాలి. తిన్న తిండి అరిగేదాకా కడుపులో కనపడుతూనే ఉంటుంది. మంచు కురిస్తే ఆకారం బయటపడిపోతుంది. దీనికి రష్యన్ రచయిత పెరెల్మాన్ తన భౌతికశాస్త్రం పుస్తకంలో ఇంకో మెలిక పెట్టాడు. కంటి లోపలి తెర వెలుతురును పట్టుకుంటేనే మనకు చూపు. ఒళ్లంతా వెలుతురు దూసుకుపోయేలా మారినవాడికి ఆ తెర కూడా వెలుతురును వదిలేస్తుంది. కాబట్టి ఎవరికీ కనపడనివాడు గుడ్డివాడై తీరాలి!

మన వీధుల్లో, మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ఇక్కడ కనపడనివాళ్లు అన్నీ చూస్తారు, గుడ్డితనం ఎదుటివాళ్లది. పనిమనిషికి ఇంటి గుట్టంతా తెలుసు. ఇంటివాళ్లకు ఆమెది ఏ ఊరో తెలియదు.

ఈ సంగతిని అమెరికన్ రచయిత రాల్ఫ్ ఎలిసన్ పట్టుకున్నాడు. 1952లో వచ్చిన ఆయన ‘ఇన్విజిబుల్ మాన్’ నవలలో మందూ లేదు, మంత్రమూ లేదు. కథ చెప్పేవాడు ఒక నల్లజాతి యువకుడు. తన పేరేమిటో చివరిదాకా చెప్పడు. అతను కనపడకపోవడానికి కారణం అతని ఒంట్లో లేదు, ఎదుటివాళ్ల చూపులో ఉంది. న్యూయార్కులో ఒక నేలమాళిగలో చేరి, కరెంటు కంపెనీకి తెలియకుండా తీగ లాగి 1,369 బల్బులు వెలిగించుకుంటాడు. ఆ నవలకు 1953లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. నవల నిండా అతన్ని చూడని మనుషులు ఉన్నారు: దాతలు, కాలేజీ పెద్దలు, పార్టీ నాయకులు. వాళ్లలో చాలామంది అతని మేలు కోరుతున్నామనే అనుకుంటారు.

నీ కథలో లేనిది వాళ్లే. కనపడనివాడి బాధ ఎంత రాసినా, చూడనివాడు లేకపోతే అది సగం కథే. ఆ చూడనివాడికో పేరు పెట్టు, ఉద్యోగం ఇవ్వు, వాడి న్యాయం వాణ్ని చెప్పనివ్వు. దుర్మార్గుణ్ని మాత్రం చెయ్యకు, కథ చవకబారుతుంది.

ముద్దుపళని సంగతే చూడు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ఈమె 584 పద్యాలతో ‘రాధికా సాంత్వనం’ రాసింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ పేరు పండితులకే పరిమితమైంది. కవుల చరిత్ర రాసిన కందుకూరి వీరేశలింగం ఆమె ప్రతిభను కాదనలేదుగానీ, శృంగారం హద్దు దాటిందని, ఆడది రాయదగ్గ రాత కాదని చీదరించుకున్నారు. ఆయనెవరు? 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి ఊరి తిట్లన్నీ తిన్న మనిషి. స్త్రీల కోసం అంత చేసినవాడి కళ్లకు ఒక స్త్రీ కవి ఆనలేదు. ఇలాంటి మనిషి దొరికితే కథకుడికి పండగే.

గాయని బెంగుళూరు నాగరత్నమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. ముద్దుపళనిలాగే ఆమె కూడా దేవదాసీ కుటుంబంలో పుట్టిందే. అచ్చులో ఉన్న ప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయని గమనించి, పూర్తి రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్ల వారిచేత అచ్చు వేయించింది. పీఠికలో వీరేశలింగం పంతులుగారిని నిలదీసింది కూడా: సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగ కవులు ఇంతకన్నా పచ్చిగా రాసిన కావ్యాలు మీ ఆమోదంతోనే అచ్చుకాలేదా అని. మరుసటి ఏడాదే మద్రాసు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధం ఎత్తేసేదాకా దానికి మోక్షం లేదు. ఆ నిషేధపు ఫైలు మీద సంతకాలు చేసిన ఆఫీసర్లకు తెలుగు పద్యం ఎంత వచ్చో ఆ దేవుడికే తెలియాలి.

భండారు అచ్చమాంబ కథ ఇంత గొడవ కూడా లేకుండా మరుగున పడింది. ఆమె ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. అయినా తొలి తెలుగు కథ అనగానే దశాబ్దాల తరబడి పాఠాల్లో ‘దిద్దుబాటు’ పేరే వినిపించింది. అచ్చమాంబ కథను ఎవరూ నిషేధించలేదు, పాత సంచికలు తిరగేసి చూసే తీరిక ఎవరికీ లేకపోయిందంతే. కొసమెరుపు ఏమిటంటే, తర్వాత రోజుల్లో వారపత్రికల్లో ఆడపేరుకు గిరాకీ వచ్చింది. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారంతటివారు ‘ఇల్లాలి ముచ్చట్లు’ను పురాణం సీత పేరుతో రాశారు!

పుస్తకాల మాట సరే. కాగితం మీద మనుషుల్నే లేకుండా చేసే విద్య ఇంకా భయంకరమైనది. పాకీపనిని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చింది. బెజవాడ విల్సన్, ఆయన తోటివారు నడిపే సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్తే, మా దగ్గర పాకీపని చేసేవాళ్లే లేరని రాష్ట్రాలు అఫిడవిట్లు వేశాయి. కార్యకర్తలు ఊరూరా తిరిగి ఫొటోలు, పేర్లు తెచ్చి కోర్టు ముందు పెట్టారు. మురుగు గుంతల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో కోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ‘లేరు’ అని టైపు చేసిన గుమాస్తా ఆ పొద్దున ఆఫీసుకు వచ్చే దారిలో వాళ్లను దాటుకునే వచ్చి ఉంటాడు. అతని మీద కథ రాయగలవా? అతనికీ ఫీజులు కట్టాల్సిన పిల్లలుంటారు, పై ఆఫీసరంటే భయముంటుంది.

రాసేముందు ఒక పుస్తకం చదువు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం, చాకలి ఐలమ్మ లాంటివాళ్లు తమ మాటల్లోనే చెప్పిన సంగతులవి. పోరాటం ముగిశాక ఆడవాళ్లను ఇళ్లకు వెళ్లిపొమ్మన్న నాయకుల ప్రస్తావన వస్తుంది. ఆ పేజీల దగ్గర నెమ్మదిగా చదువు, నీకు కావలసిన మనుషులు అక్కడ తిరుగుతుంటారు. పుస్తకం మీ అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాం. అట్ట ఊడింది, అతికించి వాడుకో. హాస్టల్లో ఎవరికైనా ఇస్తే మాత్రం పేరు రాసుకుని ఇవ్వు.

ఇట్లు,
పెదనాన్న