అక్షరం దగ్గరా? అర్థం దగ్గరా? పిల్లలు చదవడంలో ఎందుకు తడబడతారు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉంటున్నాయి. రాష్ట్రంలో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు 2020 డిసెంబరులో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, బయట హిందీ, బెంగాలీ వింటూ పెరుగుతారు. బడిలో ఇంగ్లిష్ కూడా తోడవుతుంది. ఇలాంటి చోట మూడో తరగతి పిల్లవాడు పాఠం చదవలేకపోతే "భాషలు ఎక్కువై గందరగోళపడుతున్నాడు" అని కొందరు, "శ్రద్ధ లేదు" అని కొందరు అంటారు. అసలు కారణం ఈ రెండూ కాకపోవచ్చు.

గుణకారం లాంటి నైపుణ్యం

చదవడాన్ని 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ ఒక సూత్రంగా చెప్పారు: అక్షరాలను పలకగలగడం, ఆ భాష అర్థం కావడం. ఈ రెండింటి కూడిక కాదు, గుణకారమే చదవడం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే.

మొదటి దానిలో వచ్చే ఇబ్బందే డిస్లెక్సియా. తెలివైనవాడే అయినా చదవడం పట్టుబడని 14 ఏళ్ల బాలుడి గురించి 1896లోనే బ్రిటిష్ వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్ రాశారు. ఇది చూపు లోపం కాదు, తెలివి లోపమూ కాదు. చాలామందిలో ఇబ్బంది మాటలోని ధ్వనులను విడదీసి గుర్తించడంలో ఉంటుంది. "పలక"లో "ప" తీసేస్తే ఏం మిగులుతుందని అడిగితే వారు తడుముకుంటారు. ఇది తరచుగా కుటుంబాల్లో వస్తుంది. ఎక్కువ భాషలు వినడం వల్ల రాదు.

రెండోది భాష తెలియకపోవడం. దీనికి లిపి అలవాట్లు తోడవుతాయి. తెలుగులో ఏత్వం హల్లు పైన ఉంటుంది. బెంగాలీలో ఆ గుర్తును హల్లుకు ఎడమవైపు రాసి, హల్లు తర్వాత పలుకుతారు. శ, ష, స అక్షరాలు మూడున్నా, బెంగాలీ పలుకులో ఎక్కువగా ఒకేలా వినిపిస్తాయి. తెలుగు అలవాటుతో బెంగాలీ చదివే పిల్లలు ఇక్కడ తప్పులు చేయడం సహజం. అది డిస్లెక్సియా కాదు.

తేడా కనిపెట్టేదెలా?

బెంగాలీలోనే తడబడి, తెలుగులో ధ్వనుల ఆట చక్కగా ఆడే పిల్లలకు కావలసింది ఎక్కువగా భాష. రెండింటిలోనూ తడబడితే డిస్లెక్సియాను అనుమానించాలి. అందుకే పరీక్ష ఇంటి భాషలోనూ జరగాలి. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషల కోసం డాలీ అనే పరీక్షను ఇందుకే రూపొందించింది.

బడి చేయగలిగినవి

• ముందుగా చూపు, వినికిడి పరీక్షలు చేయించాలి.
• ఒకటి, రెండు తరగతుల్లోనే ప్రతి పిల్లవాడి చేత విడిగా చదివించి వినాలి. పెద్దయ్యాక అదే వస్తుందని వదిలేయకూడదు.
• డిస్లెక్సియా ఉన్నవారికి అక్షరాన్నీ ధ్వనినీ జతచేస్తూ, గుణింతాలు, ఒత్తులు ఒక క్రమంలో, చిన్న బృందాల్లో, రోజూ కొద్దిసేపు నేర్పాలి.
• భాష తెలియనివారికి కథలు, సంభాషణలతో ముందు మాటలు పెంచాలి. ఇంటి భాషలో అర్థం చెప్పడం తప్పు కాదు.
• తరగతిలో అందరి ముందు గట్టిగా చదవమని బలవంతపెట్టకూడదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. నిర్ధారణ పత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు కోరవచ్చు. అయితే మంచి బోధన మొదలుపెట్టడానికి ఆ పత్రం కోసం ఆగనక్కర్లేదు. గుణకారంలో ఏ అంకె తక్కువగా ఉందో తెలిస్తే, ఉపాధ్యాయుడు మర్నాటి నుంచే దాన్ని పెంచే పని చేయవచ్చు.